పసివాళ్ళ కొలత



ఈసారి మీరు ఎవరింటి బిడ్డ మొదటి పుట్టినరోజుకైనా వెళ్ళినప్పుడు, అక్షింతలు వేసే ముందు ఒక్క నిమిషం ఆ బిడ్డ ముఖం వంక చూడండి. రాత్రి తొమ్మిది దాటి ఉంటుంది. మెడ దగ్గర గుచ్చుకునే జరీ షేర్వాణీ తొడిగి ఉంటారు. ముఖం మీదికి వీడియోవాళ్ళ లైటు, చెవికి దగ్గర్లో డీజే పెట్టె. మామూలు రోజైతే ఎనిమిదింటికల్లా పాలు తాగి అమ్మ భుజం మీద నిద్రపోయే పిల్లవాడు. మేనమామ ఇంకా ట్రాఫిక్‌లో ఉన్నాడని కేకు కోయడం ఆపారు. ఆయన వచ్చేసరికి పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ‘ఇటు చూడు నాన్నా, ఇటు ఇటు’ అంటూ ఫొటోగ్రాఫరు గిలక్కాయ ఊపుతున్నాడు. అమ్మ నవ్వుతూనే ఉంది గానీ ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ‘దిష్టి తగిలింది, ఉప్పు తిప్పి పడెయ్యండి’ అని ఎవరో పెద్దావిడ అంటుంది. దిష్టి తీస్తారు, మంచిదే. కానీ ఆ బిడ్డకు అప్పుడు కావలసింది నిద్ర.

నేను చాలాకాలం చిన్నపిల్లల బడిలో పనిచేశాను. ఇప్పుడు మనవళ్ళతో పొద్దుపుచ్చుతున్నాను. పిల్లల పేరు మీద మనం చేసే వేడుకలూ, పిల్లల కోసమని వెళ్ళే ప్రయాణాలూ ఆ పిల్లల కొలతలోనే ఉండాలని నా గట్టి నమ్మకం. ఇవాళ మీతో పంచుకుందామని వచ్చింది ఆ సంగతే.

కొలత అంటే ఏమిటి? పిల్లవాడి కాళ్ళు ఎంత దూరం నడవగలవు, ఒక్కచోట ఎంతసేపు కూర్చోగలడు, ఎంతమంది కొత్తవాళ్ళను ఓర్చుకోగలడు, ఎన్ని గంటలకు ఆకలేస్తుంది, ఎప్పుడు కునుకు పడుతుంది. ఇవన్నీ తల్లికి తెలుసు. నిద్ర సంగతే చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం కొన్ని సూచనలు ఇచ్చింది. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలంది. మన అమ్మమ్మలు గంటలు లెక్కపెట్టకపోయినా దీపాలు పెట్టగానే పిల్లలకు అన్నం తినిపించి పడుకోబెట్టేవాళ్ళు.

మొదటి పుట్టినరోజు అసలు పిల్లవాడి కోసం కాదు, పెద్దల కోసమే. ఇందులో తప్పేమీ లేదు. మూడు, మూడున్నరేళ్ళకు ముందు జరిగినవి మనలో చాలామందికి గుర్తుండవు. కానీ ఆ ఏడాది అంతా రాత్రిళ్ళు మేలుకున్న తల్లికీ తండ్రికీ గుర్తుంటుంది. జ్వరాలు, టీకాలు, ఆరో నెలలో అన్నప్రాశన, పుస్తకం పట్టుకుంటాడా బంగారం పట్టుకుంటాడా అని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూడటం, బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు. ఇంత దూరం వచ్చిన సంతోషం నలుగురితో పంచుకోవాలనిపిస్తుంది. పంచుకోవాలి కూడా. అందుకే నేను చెప్పేదల్లా వేడుకను రెండుగా విడదీయమని. పొద్దున్నే తలంటి, కొత్త బట్టలు వేసి, హారతిచ్చి, పరమాన్నం నాలుకకు రాస్తే బిడ్డ వంతు వేడుక అయిపోయినట్టే. సాయంత్రం విందు ఉంటే ఆరున్నరకల్లా కేకు కోయించండి. మేనమామ కోసం ఆగకండి, ఆయనకు కేకు ముక్క దాచిపెట్టవచ్చు. ఏడున్నరకు అమ్మమ్మో నాయనమ్మో బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోతే, పెద్దలు పదింటిదాకా కూర్చుని కబుర్లు చెప్పుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు.

పిల్లల కొలతలో వేడుక ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. భోగిపళ్ళ పేరంటం చూడండి. ఐదేళ్ళలోపు పిల్లలను పీట మీద కూర్చోబెడతారు. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు కలిపి దోసిలితో మూడుసార్లు దిష్టి తిప్పి తలమీద పోస్తారు. మొదటి దోసిలికి బిడ్డ బిత్తరపోతుంది. రెండో దోసిలికి తల పైకెత్తి చూస్తుంది. మూడో దోసిలి వచ్చేసరికి తనే చేతులు చాస్తుంది. చుట్టూ చేరిన పెద్దపిల్లలు నాణేల కోసం నేల మీద దూరుతుంటారు. మంగళహారతి పాట, పసుపు కుంకుమ, తాంబూలం, గుప్పెడు సెనగలు. అరగంటలో అంతా అయిపోతుంది. పిల్లలకు ఆకలి వేసేలోపు, నిద్ర వచ్చేలోపు ముగుస్తుంది. అందులో ప్రతి వస్తువూ పిల్లల చేతికి ఇమిడేదే. పేరంటాళ్ళంతా చీరకొంగులు సర్దుకుని పిల్లలతో సమానంగా వంగి పళ్ళు పోస్తారు. ఎవరు ఎంత ఖర్చు పెట్టారన్న మాటే రాదు. ఒకటి మాత్రం చూసుకోండి. బుల్లి బుల్లి పిల్లలు కింద పడిన రేగిపండును గింజతో సహా నోట్లో పెట్టుకుంటారు. ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్లల పక్కన పెద్దవాళ్ళెవరైనా తప్పకుండా కూర్చోవాలి.

మూడేళ్ళు వచ్చాక పుట్టినరోజు నిజంగా పిల్లలదవుతుంది. నెలరోజుల ముందు నుంచీ ‘నా బర్త్‌డే ఎప్పుడు? రేపా?’ అని అడుగుతుంటారు. బడిలో నేను చూసిన దృశ్యం చెబుతాను. పుట్టినరోజు పిల్ల చాక్లెట్ల డబ్బా రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుంటుంది. యూనిఫాం బదులు రంగు గౌను. వరసగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళుతుంది. తనకిష్టమైన స్నేహితురాలి దగ్గరికి రాగానే డబ్బాలో చెయ్యి పెట్టి, టీచరు వంక ఒకసారి చూసి, రెండు ఇస్తుంది. ఆయమ్మ దగ్గరికి, వాచ్‌మెన్ తాత దగ్గరికి కూడా వెళ్ళి ఇస్తుంది. పుట్టినరోజంటే ఆ వయసు పిల్లలకు ఇదే. ఇచ్చే చెయ్యి తనదైన రోజు.

బడుల్లోకి రిటర్న్ గిఫ్టుల పోటీ వచ్చాక నాకు బాధ కలిగింది. ఒకరు పెన్సిల్ బాక్సు పంచితే ఇంకొకరు నీళ్ళ సీసా, ఆపైవాళ్ళు బ్యాగు. ఒక ఏడాది ఆటో నడిపే తండ్రి కొడుకు తన పుట్టినరోజున బడికి రాలేదు. మర్నాడు వాళ్ళమ్మ వచ్చి, ‘అందరికీ ఇచ్చేంత మాకెక్కడిది టీచర్, అందుకే పంపలా’ అంది. ఆవిడను మళ్ళీ రమ్మన్నాం. ఇంట్లో చేసిన కొబ్బరి లౌజు చిన్న చిన్న ఉండలు చేసి పళ్ళెంలో పట్టుకొచ్చింది. పిల్లలంతా చప్పట్లు కొట్టి పాట పాడారు, ఇంకోటి ఇంకోటి అని అడిగి తిన్నారు. ఆ తర్వాత మా తరగతిలో బయట కొన్న కానుకలు వద్దన్నాం. తినుబండారమైనా, అదీ లేకపోతే పాటైనా చాలన్నాం. తల్లిదండ్రులు నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటే ప్రతి బడిలోనూ ఇది సాధ్యమే. బడివాళ్ళు చెప్పేదాకా ఆగనక్కర్లేదు.

ఇంట్లో పార్టీ చేస్తే పిలిచే పిల్లలు కొద్దిమందే ఉండాలి. రెండు గంటలు చాలు. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక, నాలుగున్నర ఐదు ప్రాంతంలో పెట్టుకుంటే పిల్లలు హుషారుగా ఉంటారు. ఆటలు ఆడించడానికి ఎవరినో డబ్బిచ్చి పిలవనక్కర్లేదు. ఆకాశవాణిలో న్యాయపతి రాఘవరావు గారూ కామేశ్వరి గారూ, మన రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, మద్రాసులోనూ తర్వాత హైదరాబాద్‌లోనూ పిల్లలతో పాటలు, నాటికలు, కథలు ఎన్నో ఏళ్ళు నడిపారు. వాళ్ళ దగ్గర ఉన్న సరంజామా పిల్లల గొంతులూ పిల్లల ఉత్సాహమే. చెమ్మచెక్క, కళ్ళకు గంతలు, కుర్చీలాట, ఓ తాతయ్య చెప్పే కథ చాలు. కళ్ళకు గంతలు కట్టుకున్న నాలుగేళ్ళ పిల్ల చేతులు చాచుకుని వచ్చి మీ ముక్కు తడిమి ‘బాబాయ్!’ అని అరిచినప్పుడు ఆ గదిలో ఎంత నవ్వు పుడుతుందో చూడండి.

పార్టీల గురించి ఒక భయం కూడా చెప్పాలి. స్నో స్ప్రే అని నురగ చిమ్మే డబ్బాలు వచ్చాయి. చాలా వాటిలో ఆ నురగను బయటికి తోసేది మంటలు అంటుకునే వాయువు. వెలుగుతున్న కొవ్వొత్తి వైపు దాన్ని చిమ్మితే భగ్గుమంటుంది, కొవ్వొత్తి ముందు ఉండేది పిల్లల ముఖమే. గాలిలోకి ఎగిరే గ్యాస్ బెలూన్లలో హీలియం బదులు చౌకగా దొరికే హైడ్రోజన్ నింపేవాళ్ళున్నారు, అదీ నిప్పు తగిలితే పేలుతుంది. కాబట్టి కొవ్వొత్తులు ఉన్నచోట ఈ రెండూ వద్దు. ఇక మామూలు బుడగ పగిలాక ఆ రబ్బరు ముక్కలను వెంటనే ఏరి పారేయండి. పసిపిల్ల నోట్లో పెట్టుకుంటే అది గొంతులో అతుక్కుని ఊపిరి ఆడనివ్వదు. నాలుగేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, గుండ్రటి మిఠాయిలు విడిగా పెట్టకండి. ద్రాక్షపళ్ళయితే నిలువుగా నాలుగు ముక్కలు కోసి ఇవ్వండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు.

పుట్టినరోజుల సంగతి ఇక చాలు. వేసవి సెలవుల్లోకి వెళదాం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసి మామూలుగా జూన్ 12న తెరుస్తారు. దాదాపు ఏడు వారాలు. ఇదివరకు ఈ ఏడు వారాలకు ఒకే చిరునామా ఉండేది, అమ్మమ్మగారి ఊరు. ఇప్పుడు అమ్మమ్మే పట్నంలో అపార్టుమెంటులో ఉంటోంది, అమ్మానాన్నలిద్దరికీ ఉద్యోగాలు, సెలవు దొరికేది నాలుగైదు రోజులు. ఆ నాలుగైదు రోజుల్లో నాలుగు ఊళ్ళు చుట్టబెట్టాలనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లలను లేపి, కారులో కుక్కి, మధ్యాహ్నానికి ఒక గుడి, సాయంత్రానికి ఒక జలపాతం, రాత్రికి హోటల్లో బిర్యానీ. మూడో రోజుకు పిల్లవాడికి వాంతులు, అమ్మకు తలనొప్పి, నాన్నకు కోపం. ఒకే ఊరు ఎంచుకోండి. అక్కడే ఉండండి. పొద్దున ఒకటి చూడండి, మధ్యాహ్నం పడుకోండి, సాయంత్రం నడవండి.

కుదిరితే రైల్లో వెళ్ళండి. రైల్లో పిల్లలు లేచి తిరగవచ్చు, కిటికీ దగ్గర కూర్చోవచ్చు, అమ్మ ఒళ్ళో పడుకోవచ్చు. ఐదేళ్ళు నిండని పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు నిండనివాళ్ళకు బెర్తు వద్దంటే సగం చార్జీ, బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పెద్దల చార్జీయే. పిల్లల ప్రయాణమంటే నాకు మొదట తోచేది విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే కిరండూల్ ప్యాసింజరు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేసిన మార్గం అది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలున్నాయి. అరకు చేరేలోపే ఎన్నో దాటుతాం. పెద్దలు లోయల వంక చూస్తుంటారు. పిల్లలు చీకటి కోసం చూస్తుంటారు. సొరంగంలోకి రైలు దూరగానే పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారి కేక పెడతారు. వెలుతురు రాగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ముక్కూ మొహం తెలియని ఇళ్ళ పిల్లలు పది నిమిషాల్లో ఒక జట్టయిపోతారు. నా మనవరాలు దిగేటప్పుడు అడిగిన మాట, ‘అమ్మమ్మా, మళ్ళీ చీకటి ఎప్పుడొస్తుంది?’ ఆ పిల్లకు అరకు అంటే ఆ సొరంగాలే. కాఫీ తోటలు, బొర్రా గుహలు ఇంకో పదేళ్ళ తర్వాత చూసుకుంటుంది. అదే కొండ రోడ్డు మీద మెలికల్లో కారులో వెళితే చాలామంది పిల్లలకు కళ్ళు తిరుగుతాయి. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా ఈ బాధ ఎక్కువ. కారే తప్పదంటే బయల్దేరేముందు ఇడ్లీ లాంటి తేలికపాటి తిండి పెట్టండి, ఫోను చేతికివ్వకండి, దూరంగా ఉన్న కొండను చూడమనండి.

పిల్లవాడికి ఏది నచ్చుతుందో మనం ముందే తీర్మానించలేం. హైదరాబాద్‌లో నెహ్రూ జంతు ప్రదర్శనశాల 380 ఎకరాలు. 1963లో తెరిచారు. ఆ విస్తీర్ణమంతా మూడేళ్ళ కాళ్ళతో తిరగడం అయ్యే పని కాదు. ఏనుగు, పులి, కోతులు, ఆపైన బ్యాటరీ బండిలో ఒక చుట్టు. అంతే. పిల్లవాడు పులిని వదిలేసి చెట్టు కింద ఉడుత దగ్గర గొంతుక్కూర్చుంటే, కూర్చోనివ్వండి. సోమవారం సెలవు, అది చూసుకుని వెళ్ళండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పెద్దలు ఒక రోజంతా తిరిగినా తరగని సొత్తు ఉంది. పిల్లలకు మాత్రం అక్కడి పాటల గడియారం ఒక్కటి చాలు. గంట పూర్తి కావడానికి కొద్ది నిమిషాల ముందు నుంచే జనం బెంచీల మీద సర్దుకుని కూర్చుంటారు. గడియారం లోపలి నుంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. పన్నెండు గంటలకు వెళితే పన్నెండు దెబ్బలు. పిల్లలు వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెడతారు, పది తర్వాత వేళ్ళు చాలక అమ్మ చెయ్యి లాక్కుంటారు. ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు.

ఎండల్లో ప్రయాణం కాబట్టి నీళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే పిల్లలు గంటల్లో నీరసపడిపోతారు. సంచిలో నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉండాలి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం పొడి కొలిచిన లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు చెంచాడు చొప్పున అందాజుగా వేసుకుంటే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. చెంచా చెంచాగా పట్టాలి. అట్టడబ్బాల్లో తియ్యటి పళ్ళరసాలు ఓఆర్‌ఎస్ పేరుతో చాలా ఏళ్ళు మన మందుల షాపుల్లోనే అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలను అది ఇంకా పెంచుతుంది. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రత సంస్థ, అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లి మనసున్న డాక్టరు చేసిన ఈ మేలుకు మనం రుణపడి ఉన్నాం. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదివి కొనండి.

విదేశాల నుంచి మనవళ్ళు వచ్చే ఇళ్ళు ఇప్పుడు మన వీధి వీధికీ ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళకూ ఒక మాట. వేసవిలో న్యూయార్క్ కంటే మన గడియారం తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. పిల్లలు వచ్చిన మొదటి వారం రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుని ఆకలి అంటారు. తిట్టకండి, వాళ్ళ పొట్టకు అది సాయంత్రమే. మా వీధిలో ఒక అమ్మమ్మ రాత్రి పెరుగన్నం కలిపి గిన్నె పక్కనే పెట్టుకుని పడుకుంటుంది. పిల్లాడు లేవగానే తినిపించి, డాబా మీదికి తీసుకెళ్ళి నక్షత్రాలు చూపిస్తుంది. పొద్దున్నే ఎండలో ఆడనిస్తే నాలుగైదు రోజుల్లో సర్దుకుంటారు. విమానం దిగేటప్పుడు పసిబిడ్డలకు చెవులు నొప్పెడతాయి. ఆ వేళకు పాలు పడితే నొప్పి తగ్గుతుంది. ఆ వచ్చిన మూడు నాలుగు వారాల్లో బంధువులందరి ఇళ్ళకూ భోజనాలకు తిప్పాలని పట్టుబట్టకండి. పెదనాన్నలనూ పిన్నులనూ మీ ఇంటికే ఒక పూట పిలవండి. ఇంగ్లీషు యాసలో ‘తాతా, నమస్తే’ అన్న పిల్ల, అదే ఇంట్లో పది రోజులుంటే పదకొండో రోజుకు ‘తాతయ్యా, మామిడికాయకి ఉప్పూకారం ఏదీ?’ అని అడుగుతుంది. రోజుకో ఇల్లు తిప్పితే ఆ పిల్లకు ఆ చనువు రాదు.

తిరిగి వచ్చే రోజు గురించి కూడా చెప్పి ముగిస్తాను. జూన్ 11 రాత్రి ఇంటికి చేరి, 12 పొద్దున్నే పిల్లలను బడి బస్సు ఎక్కించే ఇళ్ళు ఉన్నాయి. ఆ వారమంతా తరగతిలో ఆ పిల్లలు బల్లల మీద వాలిపోయి నిద్రపోవడం నేను చూశాను. రెండు మూడు రోజులు ముందే వచ్చేయండి. ఆ రోజుల్లో ఇల్లు కదలకండి. సూట్‌కేసులో మురికి బట్టలు ఉతుక్కోవాలి, నిద్ర వేళలు మళ్ళీ దారిలో పడాలి, కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకోవాలి. సొరంగంలో ఎంత గట్టిగా అరిచాడో పక్కింటి స్నేహితుడికి చెప్పుకోవడానికి కూడా పిల్లవాడికి కాస్త వ్యవధి కావాలి.